కొత్త దేశంలో మొదటి పోపు పెట్టే ముందు ఫైర్ అలారం సంగతి చూసుకోండి

సిమ్ కార్డు ఏది తీసుకోవాలి, బ్యాంక్ అకౌంట్ ఎక్కడ తెరవాలి, ఇండియన్ స్టోర్లో సోనామసూరి దొరుకుతుందా, ఇవన్నీ చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉంటారు గానీ సీలింగ్ మీద ఉండే ఆ తెల్ల డబ్బా గురించి మాత్రం ఎవరూ చెప్పరు, అది అరిచాకే మనకి తెలుస్తుంది. నాకూ అలాగే తెలిసింది.

డాలస్‌లో దిగి నాలుగో రోజు, మూడో ఫ్లోర్లో అపార్ట్‌మెంట్. పులిహోర చేద్దామని నూనె పెట్టి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయా, బాగా కాగిపోయిన నూనెలో గుప్పెడు ఎండుమిర్చి వేసేశా. ఇంట్లో అలారం మొదలైంది, మా ఆయన దగ్గుకుంటూ వచ్చి పొగ పోవాలని మెయిన్ డోర్ బార్లా తీసేశాడు. అదే కొంప ముంచింది. ఇంట్లో అరిచేది మన ఇంటి వరకే, కారిడార్లో ఉండే డిటెక్టర్లు బిల్డింగ్ మొత్తానికి కలిపి ఉంటాయి, మన పొగ అక్కడికి వెళ్ళగానే మూడు ఫ్లోర్లూ మోత. కాసేపటికి అందరం కింద పార్కింగ్‌లో, ఒకావిడ తడి జుట్టుకి టవల్ చుట్టుకుని, ఒకాయన పిల్లిని బుట్టలో పెట్టుకుని, రెండు ఫైరింజన్లు, నా చేతిలో ఇంకా గరిటె. ఫైర్‌ఫైటర్ పైకెళ్ళి చూసొచ్చి ఏం వండుతున్నారు అని అడిగితే పులిహోర అని ఎలా చెప్పాలో తెలీక రైస్ అన్నా, రైస్‌కి ఇంత పొగేంటి అన్నట్టు చూశాడు.

కాబట్టి మొదటి సూచన ఇదే, పోపు పొగకి కిటికీ తియ్యండి, బాల్కనీ తలుపు తియ్యండి, కారిడార్ వైపు తలుపు మాత్రం తియ్యొద్దు. నిజంగా నిప్పంటుకుంటే అది వేరే సంగతి, అప్పుడు బయటికి వచ్చేసి తలుపు పూర్తిగా మూసేసి రండి, తెరిచి వదిలేస్తే పొగంతా అందరి దారిలోకీ వస్తుంది. ఇంకోటి, స్టవ్ మీద ఉన్న ఫ్యాన్ పొగని నిజంగా బయటికి పంపిస్తుందా లేక ఫిల్టర్ గుండా లాగి మళ్ళీ మన మొహానే ఊదుతుందా చూసుకోండి, చాలా అపార్ట్‌మెంట్లలో రెండో రకమే ఉంటుంది, అలాంటిచోట పోపు చిన్న మంట మీదే.

ఇక రూల్స్. అమెరికాలో రాష్ట్రానికో రకం, కానీ అందరూ చూసే స్టాండర్డ్ ఎన్‌ఎఫ్‌పీఏ 72 (అక్కడి అగ్ని భద్రతా సంస్థ రాసిన అలారం నియమాలు), దాని ప్రకారం అలారం ప్రతి బెడ్‌రూమ్ లోపల ఒకటి, బెడ్‌రూమ్‌ల బయట ఒకటి, బేస్‌మెంట్‌తో సహా ప్రతి ఫ్లోర్‌కీ ఒకటి. కొత్త ఇళ్ళలో అవన్నీ కరెంటుకి కలిపి, ఒకదానికొకటి లింక్ చేసి ఉంటాయి, లోపల బ్యాటరీ కూడా ఉంటుంది. డబ్బా తిప్పి చూస్తే వెనక తయారైన తేదీ ఉంటుంది, పదేళ్ళు దాటిందంటే బటన్ నొక్కినప్పుడు మోగుతున్నా సరే మార్చెయ్యాల్సిందే. సెకండ్ హ్యాండ్ ఇల్లు కొంటున్నవాళ్ళు గ్రానైట్ చూసినంత శ్రద్ధగా ఈ తేదీ కూడా చూడండి.

తర్వాత మేం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వచ్చేశాం, ఇక్కడ అసలు లెక్కే వేరు. ఇంగ్లండ్‌లో అద్దె ఇంటికి ప్రతి ఫ్లోర్‌లో కనీసం ఒక స్మోక్ అలారం చాలు, గ్యాస్ బాయిలర్ లాంటిది ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం (2022 అక్టోబర్ 1 నుంచి), అద్దె మొదలయ్యే రోజున అవి పనిచేస్తున్నాయని ఓనరే చూడాలి, చెప్పినా సరి చెయ్యకపోతే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) 5,000 పౌండ్ల వరకు ఫైన్ వెయ్యొచ్చు. తాళాలు తీసుకునేటప్పుడు మీ ఎదురుగానే బటన్ నొక్కించండి, మొహమాటపడకండి. అదే రైలెక్కి స్కాట్లాండ్ వస్తే 2022 ఫిబ్రవరి 1 నుంచి సొంతిల్లైనా అద్దెదైనా హాల్లో ఒకటి, ప్రతి నడవలో ఒకటి, వంటింట్లో మాత్రం స్మోక్ కాదు, హీట్ అలారం. అన్నీ లింక్ అయి ఉండాలి, ఒకటి మోగితే అన్నీ మోగాలి. హీట్ అలారం వేడికే స్పందిస్తుంది, పొగని పట్టించుకోదు, మన పోపు సంగతి తెలిసినవాళ్ళెవరో ఈ రూల్ రాసినట్టున్నారు అనుకున్నా నేనైతే. కాకపోతే వంటింటి తలుపు తీసి ఉంచితే నడవలోది ఊరుకోదు.

అమెరికా నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడ ఇంకో తికమక ఉంది. బ్రిటన్ ఫ్లాట్లలో చాలావాటికి బిల్డింగ్ మొత్తానికీ మోగే అలారమే ఉండదు, మర్చిపోయి కాదు, కావాలనే. ఒక ఫ్లాట్‌లో మంట పక్క ఫ్లాట్‌కి పాకకుండా గోడలు, తలుపులు కట్టి ఉంటాయి కాబట్టి మిగతావాళ్ళు ఇంట్లోనే ఉండండి అనేది పాత పద్ధతి. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడింది, బయట గోడలకి వేసిన ప్యానెళ్ళ మీదుగా మంట పైకి పాకింది, 72 మంది పోయారు, ఇంట్లోనే ఉండండి అన్న మాటని అక్కడ చాలా ఆలస్యంగా వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కొన్ని బిల్డింగ్‌లు పద్ధతి మార్చుకున్నాయి, మీది ఏ రకమో కింద లాబీలో అంటించిన నోటీసులో ఉంటుంది, చెత్తబుట్ట రోజుల నోటీసు చదివినట్టే అదీ చదవండి. ఏ పద్ధతైనా మన ఫ్లాట్‌లోనే నిప్పంటుకుంటే ఆగకూడదు, బయటికి వచ్చి 999 కొట్టాలి.

మా తమ్ముడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాడు. జర్మనీలో మొత్తం 16 రాష్ట్రాల్లోనూ అలారం తప్పనిసరి, బెడ్‌రూమ్‌లు, పిల్లల గదులు, బయటికి దారితీసే నడవ, వంటింటికి అక్కర్లేదు. ఓనరే పెట్టిస్తాడు, కానీ అది పనిచేసేలా చూసుకునే బాధ్యత ఎవరిదనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మావాడుండే హెస్సెన్‌లో ఓనర్ ఆ పని తన మీద వేసుకోకపోతే ఇంట్లో ఉంటున్నవాళ్ళదే. ఇది తెలీక మావాడు రాత్రి మూడింటికి కిచుకు కిచుకు అంటోందని పీకి సాక్స్ సొరుగులో పడేశాడు, అక్కడ కూడా అరిచిందట వెధవది.

ఆ కిచుకు అంటే మంట కాదు, బ్యాటరీ అయిపోతోందని. నిమిషానికోసారో ఇంకా త్వరగానో ఒక్క కూత వస్తుంది. అమెరికా, కెనడాల్లో మూడు కూతలు, కాస్త ఆగి మళ్ళీ మూడు అంటే పొగ, నాలుగు కూతలు ఆగి మళ్ళీ నాలుగు అంటే కార్బన్ మోనాక్సైడ్. ఈ రెండోది మనకి అలవాటు లేనిది, రంగుండదు, వాసనుండదు, చలికాలం కిటికీలన్నీ బిగించుకుని హీటర్ వేసుకునే దేశాల్లో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బొగ్గుల మీద సాంబ్రాణి వేసే అలవాటున్నవాళ్ళు జాగ్రత్త, మూసిన ఇంట్లో బొగ్గు కాలితే వచ్చేది అదే. హోమం కావాలంటే గుడిలో చేయించుకోండి, అపార్ట్‌మెంట్లో వద్దు.

ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో ఉన్న మా పిన్ని కూతురి దగ్గర రూల్ అన్నిటికంటే గట్టిది అనిపించింది. వాళ్ళ రాష్ట్రం క్వీన్స్‌లాండ్‌లో 2022 జనవరి 1 నుంచి అద్దె ఇళ్ళకి ప్రతి బెడ్‌రూమ్‌లో, నడవలో, ప్రతి ఫ్లోర్‌లో ఫోటోఎలక్ట్రిక్ రకం (వెలుతురు సాయంతో పొగని పసిగట్టేవి) అలారాలు, అన్నీ లింక్ అయి ఉండాలి, సొంతిళ్ళకి 2027 జనవరి 1 గడువు. ఏడాదికోసారైనా టెస్ట్ చేసి దుమ్ము దులపడం అద్దెకున్నవాళ్ళ పని. సింగపూర్‌లో 2018 జూన్ 1 నుంచి కొత్త ఇళ్ళకి తప్పనిసరి, ఫ్రాన్స్‌లో ఇంటికి ఒకటి ఉంటే సరి. యూఏఈలో విల్లా తీసుకుంటే హసన్‌తుక్ అనే సిస్టమ్ ఉంటుంది, దాని సిగ్నల్ సివిల్ డిఫెన్స్‌కి, అంటే అక్కడి ఫైర్ సర్వీస్‌కి చేరుతుంది, వాళ్ళ నంబర్ 997.

అలారానికి షవర్ క్యాప్ తొడిగేవాళ్ళని, టేప్ అంటించేవాళ్ళని, బ్యాటరీ తీసి టీవీ రిమోట్‌లో వేసుకునేవాళ్ళని చూశాను, దయచేసి వద్దు, చాలాచోట్ల అది నేరం కూడా. మంట ఆర్పడానికి సీలింగ్‌కి ఉండే నీళ్ళ స్ప్రింక్లర్‌కి హ్యాంగర్ తగిలించొద్దు, ఆ గాజు బల్బు పగిలితే ఇల్లంతా నీళ్ళే, బిల్లు మనకే. సినిమాల్లోలా అన్నీ ఒకేసారి చిమ్మవు, వేడి తగిలిన ఒక్కటే తెరుచుకుంటుంది.

అమ్మానాన్నలు వస్తే మాత్రం ఒకసారి బటన్ నొక్కి ఆ మోత వినిపించండి, లిఫ్ట్ ఎక్కొద్దని చెప్పండి, ఇంటి అడ్రస్ ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాల్లో అంటించండి. మన ఊళ్ళో అపార్ట్‌మెంట్లో మోగితే వాచ్‌మన్ వెళ్ళి ఆపేస్తాడులే అని కూర్చునే అలవాటు వాళ్ళది. మా అమ్మ మొదటిసారి ఆ డబ్బా చూసి సీసీ కెమెరానా అని కొంగు సర్దుకుంది. మొన్న శనివారం ప్రాక్టీస్ పెట్టా, స్టవ్ కట్టేసి, చెప్పులేసుకుని నిమిషంలో మెట్ల దగ్గరికి వచ్చేసింది, నాన్న మాత్రం లోపల పాస్‌పోర్టులు వెతుకుతున్నారు.