కాలస్పృహ సాధన – మూడవ పాఠం: గడప దాటే వేళ

గడియారాలను కంటికి ఎదురుగా ఎక్కడెక్కడ ఉంచుకోవాలో గత పాఠంలో చూశాం. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలపడం, తొందరను అదుపు చేసుకోవడం కష్టమయ్యే స్థితి) ఉన్నవారికి ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎక్కువగా మాటలు తెచ్చిపెట్టేది అనుకున్న వేళకు బయలుదేరలేకపోవడం కాబట్టి, ఈ పాఠంలో దానినే అభ్యసిద్దాం.

ఇది బద్ధకం కాదు, ఎదుటివారి పట్ల నిర్లక్ష్యమూ కాదు. కొన్ని సెకన్లపాటు దీపం వెలిగించి చూపి, మళ్లీ అంతేసేపు వెలిగించమని అడిగే పరీక్షల్లో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు తోటివారికంటే ఎక్కువ పొరబడతారని అమెరికన్ మనస్తత్వవేత్త రసెల్ బార్క్లీ, మరికొందరు పరిశోధకులు గమనించారు. అయితే, పనికి పట్టే సమయాన్ని తక్కువగా ఊహించే అలవాటు మనుషులందరిలోనూ ఉంది. కెనడాలో జరిగి 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసాన్ని సగటున 34 రోజుల్లో ముగిస్తామన్న విద్యార్థులకు నిజానికి పట్టింది 55 రోజులు. పని ఎలా సాగాలో ఊహించుకుంటామే తప్ప, ఇదివరకు ఎలా సాగిందో గుర్తు చేసుకోకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. గుర్తు చేసుకోవడం ఏడీహెచ్‌డీ ఉన్న మనకు మరీ కష్టం కనుక, ఆ పనిని నోటుపుస్తకానికి అప్పగించాలి.

స్నానం, టిఫిన్, బ్యాగు సర్దుకోవడం వంటి రోజువారీ పనులు మూడింటిని ఎంచుకోండి. పని మొదలుపెట్టే ముందు ఎన్ని నిమిషాలు పడుతుందనుకుంటున్నారో రాయండి, ముగిశాక అసలు ఎంత పట్టిందో దాని పక్కనే రాయండి. ‘ఐదు నిమిషాల స్నానం’ అనుకున్నది పద్నాలుగు నిమిషాలైతే, గీజరు ఆన్ చేసి నీళ్లు వేడెక్కే వరకు నిలబడటం, తువ్వాలు కోసం బాల్కనీకి వెళ్లడం, తిరిగి వస్తూ ఫోను చూడటం కూడా ఆ స్నానంలో భాగమేనని అర్థమవుతుంది. ఇకపై వేసే లెక్కలో పద్నాలుగే వాడాలి. అన్నీ కలిసొచ్చి త్వరగా ముగిసిన రోజును ఆధారంగా తీసుకోకూడదు. మన మనసు సరిగ్గా ఆ ఒక్క రోజునే గుర్తుంచుకుంటుంది.

ఇప్పుడు చేరవలసిన వేళ నుంచి వెనక్కి లెక్కిద్దాం. మియాపూర్‌లో ఉండే ఒకరు ఉదయం 9:30కి అమీర్‌పేటలోని ఆఫీసులో తన కుర్చీలో కూర్చోవాలి. మెట్రోలో అరగంట కూడా పట్టదు కాబట్టి తొమ్మిదింటికి బయలుదేరితే చాలని ఆయన అనుకుంటారు. అమీర్‌పేట స్టేషను మెట్లు దిగి ఆఫీసుకు నడవడానికి 10 నిమిషాలు కేటాయిస్తే, 9:20కి రైలు దిగాలి. ప్రయాణానికి 25 నిమిషాలు వేసుకుంటే 8:55కి ఎక్కాలి. బ్యాగు తనిఖీకి, టికెట్టుకు, ప్లాట్‌ఫామ్‌పై నిరీక్షణకు మరో 10 తీసివేస్తే 8:45కి స్టేషనులో ఉండాలి. ఇంటి నుంచి నడకకు 12, బూట్లు తొడుక్కొని తాళం వేసి లిఫ్టులో దిగడానికి 8 నిమిషాలు పోగా మిగిలేది 8:25. ఆ రోజు ఆయన గుర్తుంచుకోవలసిన వేళ అదే. 9:30ని తలచుకోవలసిన అవసరమే లేదు.

8:25కి ఒక్క అలారం పెట్టుకుంటే చాలదు. చేతిలోని పని నుంచి బయటపడటానికే మనకు సమయం పడుతుంది కనుక, ఆపమని చెప్పే అలారం 8:10కి, బూట్లు వేసుకోమని చెప్పే అలారం 8:25కి మోగాలి. మొదటిది మోగగానే, ఆ పనిలో తరువాతి మెట్టు ఏమిటో ఒక చీటీపై రాసి, కీబోర్డుపై పెట్టి లేవండి. ‘ఇది ఒక్కటీ ముగించి లేస్తాను’ అన్న ఆశకు అసలు కారణం మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో మరచిపోతామన్న భయమే; చీటీ ఆ భయాన్ని తీరుస్తుంది. రెండో అలారానికి ఫోను వద్దు, చెప్పుల స్టాండుపై చవకైన అలారం గడియారం ఉంచండి. ఆపడానికి ఫోను తీసిన చేయి వాట్సాప్ తెరవకుండా ఉండటం అరుదు.

మిగిలిన సమయాన్ని ఎర్రటి వృత్తఖండంగా చూపే టైమర్లు బజారులో దొరుకుతాయి, కానీ ఖరీదు ఎక్కువ. ముళ్ల గడియారం అద్దంపై, నిమిషాల ముల్లు 10వ నిమిషం నుంచి 25వ నిమిషం వరకు (2 అంకె నుంచి 5 అంకె దాకా) తిరిగే భాగానికి చెరిగిపోయే మార్కరుతో రంగు వేసినా అదే ప్రయోజనం.

ఈ సాధన వైద్యుడు సూచించిన మందులకు బదులు కాదు. రెండింటినీ కొనసాగించవచ్చు.

ఈ వారం నోటుపుస్తకంలో ఊహను, అసలు సమయాన్ని రోజూ నమోదు చేయండి, ఒక్క ప్రయాణానికైనా వెనుక నుంచి లెక్క కట్టండి. సాయంత్రం నాలుగింటికి డాక్టరు అపాయింట్‌మెంటు ఉంటే ఉదయం నుంచి ఏ పనీ మొదలుపెట్టలేని స్థితి గురించి నాలుగవ పాఠంలో చర్చిస్తాం. దానికి ఈ అంకెలు కావాలి.