ఉద్దానం తోటలో కంటైనర్ ఇల్లు కట్టుకునే పద్ధతి

జీడి తోటలో కాపలాకో, సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు నాలుగు రోజులు ఉండడానికో చిన్న ఇల్లు కావాలనుకునేవారికి పాత షిప్పింగ్ కంటైనర్ మంచి మార్గమే. ఓడరేవు ఉన్న విశాఖపట్నం నుంచి జాతీయ రహదారి 16 మీదుగా ట్రైలర్‌పై పలాస వరకు దానిని తెచ్చుకోవచ్చు. అయితే 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. అందువల్ల ఉన్న డబ్బును ముందుగా పునాదికి, పైకప్పుకు, రంగుకు కేటాయించి, మిగిలినదానితోనే లోపలి సొగసులు చూసుకోవాలని నా అభిప్రాయం.

సాధారణ కంటైనర్ బయటి కొలతలు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. లోపలి వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలే. ఎత్తు కూడా 8 అడుగులకు కాస్త తక్కువే కనుక సీలింగ్ ఫ్యాను ఆశ వదులుకుని గోడ ఫ్యానుతో సరిపెట్టుకోవాలి. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న హై క్యూబ్ రకం ఎక్కువగా 40 అడుగుల పొడవులోనే దొరుకుతుంది, కానీ అంత పొడవు బండి తోట దారి మలుపుల్లో తిరగడం కష్టం. ఏది కొన్నా, పగటిపూట లోపలికి వెళ్లి తలుపులు మూయించి చూడండి. రేకుకు ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ సూదిమొనంత వెలుతురు కనిపిస్తుంది. తలుపు మీది లోహపు పలకలో తయారైన తేదీతోపాటు, లోపలి చెక్కకు పట్టించిన పురుగుమందు పేరు కూడా రాసి ఉంటుంది. పసిపిల్లలు పాకే ఇల్లయితే ఆ ప్లైవుడ్ నేలను తీయించి కొత్తది వేయించడమే మేలు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది పునాదిపైన. గాలి లెక్కలకు ఇంజనీర్లు అనుసరించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగంలో విశాఖపట్నానికి లెక్కకు ఆధారంగా తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడితో తోస్తుంది. డబ్బా పొడవు గోడ వైశాల్యం దాదాపు 16 చదరపు మీటర్లు కనుక ఆ తోపు 2,400 కిలోల దాకా వస్తుంది. ఖాళీ డబ్బా బరువేమో రెండు టన్నులకు కాస్త ఎక్కువ, అంతే. కనుక "ఇనుప డబ్బా, దానిని గాలేం చేస్తుందిలే" అనే మాట నమ్మి ఇటుకల మీద నిలబెట్టకూడదు. నాలుగు మూలల కింద నేల గట్టిదనాన్ని బట్టి లోతుగా తవ్వి, కాంక్రీటు దిమ్మెలు పోయించి, పోసేటప్పుడే యాంకర్ బోల్టులు దింపి, వాటికి బిగించిన దళసరి ఇనుప పలకలకు డబ్బా మూలల్లో ఉండే ఇనుప దిమ్మెలను వెల్డింగ్ చేయించాలి. కాంక్రీటు దిమ్మెల కొలతలను ఇంజనీరు చేతనే వేయించుకోండి. వరద నీరు చేరే చోటైతే, ఆ నీటి మట్టానికి పైన డబ్బా అడుగు ఉండేలా దిమ్మెలను లేపాలి.

కిటికీలకు, తలుపులకు రేకు కోసేటప్పుడు పొదుపు పాటించాలి. ముడతల గోడ కేవలం తెర కాదు. డబ్బా పక్కకు ఒరగకుండా ఆపేది అదే. కోసిన ప్రతి ఖాళీ చుట్టూ ఇనుప ట్యూబుతో చట్రం వెల్డింగ్ చేయించాలి. మూల స్తంభాలను, పైఅంచు, కిందిఅంచు దూలాలను మాత్రం తాకనే కూడదు.

ఎండకు ఇనుప కప్పు కాలిపోతుంది కనుక, దానికి అడుగున్నర ఎత్తున గాలి ఆడేలా రేకుల పందిరి వేయించుకోవాలి. తుఫానులో ముందుగా లేచిపోయేది ఆ పందిరే కాబట్టి, దాని స్తంభాలకు కూడా పునాది తప్పదు. లోపల గోడకు, వేడిని ఆపే ఇన్సులేషన్ పొరకు మధ్య ఖాళీ మిగిలితే తేమ గాలి అక్కడికి చేరి, ఏసీ వేసినప్పుడు చల్లబడిన రేకుకు చెమ్మ పట్టి, బోర్డు వెనుక కనిపించకుండా తుప్పు మొదలవుతుంది. రేకుకు అతుక్కునే స్ప్రే ఫోమ్ ఖరీదైనదైనా ఈ తీరానికి అదే తగినది.

కంటైనర్ ఉక్కు తుప్పును కొంత తట్టుకుంటుందనేది నిజమే కానీ ఉప్పుగాలిలో ఆ గుణం అంతగా పనిచేయదు. కోసిన అంచులన్నిటికీ అదే రోజు జింకు ప్రైమర్, తరువాత ఎపాక్సీ రంగు వేయించాలి. కింది భాగానికి బిటుమెన్ పూయాలి. సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు స్థలమైతే తీరప్రాంత నిర్మాణాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తించవచ్చు కనుక, డబ్బా కొనకముందే పంచాయతీ కార్యాలయంలో విచారించుకోవాలి.

ఇల్లంతా ఇనుమే కనుక ఒక్క తీగ ఒరుసుకున్నా గోడలన్నీ షాకు కొడతాయి. తీగలు రేకును దాటే ప్రతిచోటా తీగ ఒరుసుకోకుండా కాపాడే రబ్బరు వలయం (గ్రోమెట్) వేయించి, డబ్బాకు విడిగా ఎర్తింగ్ ఇప్పించి, మెయిన్ దగ్గర కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించిన తరువాతే కరెంటు ఇవ్వాలి.