చిన్న సినిమాలో తప్పుల్ని ఎలా లెక్కెయ్యాలి

మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు అప్పోసొప్పో చేసి తీసిన సినిమా చూడబోతుంటే, ముందు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టి వైరున్నవి పెట్టుకోండి. పెదాలకీ మాటకీ పొంతన లేదని సినిమాని తిట్టేవాళ్లలో కొందరు నిజానికి తిట్టాల్సింది తమ ఇయర్‌ఫోన్స్‌ని. టీవీలో అయితే పిక్చర్ మోడ్ 'వివిడ్' తీసేసి 'సినిమా' పెట్టండి. కదలికని నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ కూడా ఆపెయ్యండి, అదుంటే సెకనుకి 24 ఫ్రేముల సినిమా కూడా డైలీ సీరియల్‌లా కనబడుతుంది.

మొదటిసారి ఆపకుండా చూసెయ్యండి. రెండోసారి ఒక కాగితం మధ్యలో గీత గీసి, డబ్బు లేక వచ్చిన లోటు ఎడమవైపు, పట్టించుకోక వచ్చిన తప్పు కుడివైపు రాయండి. పక్కనే నిమిషం, సెకను వెయ్యాలి.

ఏది ఎటు రాయాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. రాత్రి సీన్లో తెర నిండా చుక్కలు చుక్కలుగా ఉంటే ఎడమవైపు. లైట్లూ జనరేటరూ అద్దెకి తెచ్చే స్తోమత లేక కెమెరాలో ఐఎస్ఓ, అంటే వెలుగుని పట్టే సున్నితత్వం, పెంచి తీశారు. పెళ్లి సీన్లో పదిమందే ఉన్నా ఎడమే. ట్యూబులైటు కింద తీసిన సీన్లో మాత్రం తెర మీద చారలు పాకుతుంటే అది పేదరికం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చోక్ ట్యూబులైటు వెలుగు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కెమెరా షటర్, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం, సెకనులో 1/60 వంతు ఉంటే ఆ చారలొస్తాయి, 1/50కి మారిస్తే పోతాయి. దానికి పైసా ఖర్చు లేదు. శ్లాబు ఇంట్లో మాటలు గంగాళంలోంచి వచ్చినట్టు మోగుతున్నా అంతే: కెమెరాకి కనపడని గోడలకి నాలుగు బొంతలు వేలాడదీస్తే మోత చాలావరకు తగ్గేది. రెండూ కుడివైపే.

పలాస జీడి బట్టీలో పనిచేసే మనిషి కథ అనుకోండి. పిక్కలు కొట్టే చేతుల్ని దగ్గర్నుంచి చూపించే షాట్ ఉంటే అక్కడ ఆపి వేళ్లు చూడండి. జీడి రసం అంటిన వేళ్లు నల్లబడి, చర్మం లేచిపోయి ఉంటాయి. నటి గోళ్లు తెల్లగా మెరుస్తుంటే ఎంత మంచి కెమెరాతో తీసినా కుడివైపు రాయాల్సిందే. వేళ్లు సరిగ్గా ఉండి, వెనక గోడ మీద మైకు నీడ పడిందా? ఒగ్గియ్యండి.

అన్నిటికన్నా గట్టిగా పట్టాల్సింది యాస. మన మాటని పెద్ద సినిమాలు ఎక్కువగా పనివాళ్లకీ నవ్వించేవాళ్లకీ ఇచ్చాయి. ఆ యాసలోనే ఓ తల్లి ఏడ్చి, ప్రేక్షకుడు నవ్వకుండా ఉంటే ఆ సినిమా పెద్ద పనే తలకెత్తుకుంది. దీన్ని కాగితం మీద అన్నిటికన్నా పైన రాయండి. అయితే ఆ యాస డబ్బింగ్‌లో జారిపోతుంది. ఒక సీన్లో 'ఏటి', 'బేగి రా' అన్న మనిషి తర్వాతి సీన్లో 'ఏంటి', 'త్వరగా రా' అంటే గొంతు మార్చారని అర్థం. పట్నం గొంతుకి డబ్బు పెట్టారంటే ఊళ్లో వాడి గొంతు మీద నమ్మకం లేదనేగా! మా లెక్కలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు.

నటన గురించి ఎక్కువ రాయక్కర్లేదు. కొత్తవాళ్లు మాట్లాడేటప్పుడు బిగుసుకుంటారు. ఎదుటివాళ్ల మాట వింటున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడండి, చాలు.

దర్శకుడికి చెప్పేటప్పుడు 'బాగుంది తమ్ముడూ, కాకపోతే లెంగ్తు ఎక్కువైంది' అని ఊరుకోకండి. ఏ నిమిషంలో మీ చెయ్యి ఫోన్ మీదకి పోయిందో చెప్పండి. తర్వాతి కూర్పులో అతనికి పనికొచ్చేది అదే.

ఇక సినిమాలో విజయనగరం సిరిమానోత్సవం ఉంటే ఆ భాగం మళ్లీ చూడండి. దసరా తర్వాత మంగళవారం సిరిమాను, అంటే పూజారి చివర కూర్చునే పొడవాటి మాను, పైడితల్లి అమ్మవారి గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. అంత జనం, అంత అలంకారం ఏ చిన్న నిర్మాతా కొనలేడు, అక్కడ ఉచితం. కానీ మూడు తిరుగుళ్లంటే మూడే టేకులు. హీరోయిన్ ముఖం మీద ఫోకస్ కాస్త తప్పినా ఎడమవైపే రాయండి. నాలుగో టేక్ కావాలంటే మళ్లీ దసరా దాకా ఆగాలి.