టెక్సాస్‌లో విల్లుతో జింక వేట: దరఖాస్తు నుంచి ట్యాగ్ కట్టే దాకా

ఏటా ఆగస్టు 15న టెక్సాస్‌లో కొత్త వేట లైసెన్సులు అమ్మకానికి వస్తాయి. సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా చెల్లుతాయి. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లలో ఉంటూ విల్లు పట్టుకుని అడవిలో నడవాలనుకునే తెలుగువాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: ఎక్కడ మొదలుపెట్టాలి? అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది టెక్సాస్ సంగతి మాత్రమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. విల్లుతో వేటాడినా అంతే. దానికి లైసెన్సు ఇచ్చే ఆఫీసు ఆంధ్రలోనూ లేదు, తెలంగాణలోనూ లేదు. ఊళ్లో ఉన్న బంధువులు ఎవరైనా ఇది చదివి ఆశపడితే ఈ విషయం స్పష్టంగా చెప్పండి.

మొదట సర్టిఫికెట్

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరూ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేయొచ్చు. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. టైం లేనివాళ్లకు 10 డాలర్లతో ఒక్కసారికి వాయిదా తీసుకునే వీలుంది, కానీ అప్పుడు అర్హత ఉన్న మరో లైసెన్సుదారు వెంట ఉండాల్సిందే. నా సలహా, వాయిదా జోలికి పోవద్దు. బాణం జింక ఒంట్లో ఎక్కడ తగిలితే అది త్వరగా ప్రాణం విడుస్తుందో బొమ్మలతో చూపించేది ఆ కోర్సే. ఆ పాఠం వినకుండా అడవిలోకి వెళ్లడం ఆ జంతువుకి అన్యాయం చేయడమే.

విల్లుకి ప్రత్యేకంగా ఇంకో కోర్సు టెక్సాస్ రాష్ట్రం అడగదు. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో అడుగుతారు. అక్కడున్నవాళ్లు ఆ కోర్సు కూడా చేసుకోవాలి.

లైసెన్సు కొనడం

ఇచ్చేది టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ. ఆన్‌లైన్‌లో, ఫోన్‌లో, లేదా వేట సామాన్లు అమ్మే పెద్ద షాపుల కౌంటర్లలో దొరుకుతుంది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకెళ్లండి, సోషల్ సెక్యూరిటీ నంబర్ కూడా అడుగుతారు.

దరఖాస్తుకి ముందు వరసగా ఆరు నెలలకు పైగా టెక్సాస్‌లో ఉన్నవాళ్లు రెసిడెంట్ కింద లెక్క. రెసిడెంట్ హంటింగ్ లైసెన్సు 25 డాలర్లు. దానికి 7 డాలర్ల ఆర్చరీ ఎండార్స్‌మెంట్, అంటే విల్లు వేటకి అదనపు అనుమతి, కలపాలి. చేపలు కూడా పట్టే అలవాటుంటే 68 డాలర్ల సూపర్ కాంబోలో అన్నీ వచ్చేస్తాయి. ఇవి నాకు తెలిసిన రేట్లు, కొనేముందు శాఖ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. ఆరు నెలలు నిండనివాళ్లు, పక్క రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు 315 డాలర్ల నాన్‌రెసిడెంట్ జనరల్ లైసెన్సే తీసుకోవాలి. 48 డాలర్లకు ఐదు రోజుల లైసెన్సు ఒకటి కనిపిస్తుంది. చవగ్గా ఉందని చాలామంది అటు మొగ్గుతారు. అది వైట్‌టెయిల్ జింకకి, అంటే ఇక్కడి తెల్లతోక జింకకి చెల్లదు.

కౌంటర్ దగ్గర ఒక జాగ్రత్త. మొదటి ఏడాది నేను కొన్న షాపులో ఆ అబ్బాయి ఎండార్స్‌మెంట్ కలపడం మర్చిపోయాడు. నేనూ చూసుకోలేదు. వేటకి వెళ్లే ముందురోజు రాత్రి బ్యాగు సర్దుతుంటే కనబడింది. ఒకటే టెన్షన్. పొద్దున్నే మళ్లీ షాపుకి పరుగెత్తాను. ఆర్చరీ సీజన్, అంటే విల్లు వేటకే కేటాయించిన రోజులు, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో మొదలై సుమారు ఐదు వారాలు ఉంటుంది. ఎండార్స్‌మెంట్ లేకుండా ఆ రోజుల్లో జింకను వేటాడితే కేసే. డబ్బు కట్టాక అక్కడే నిలబడి కాగితం మొత్తం చదవండి.

ఆన్‌లైన్‌లో కాగితం లైసెన్సు కొంటే అది పోస్టులో వస్తుంది. జింకకి కట్టాల్సిన ట్యాగులు ఆ కాగితానికే ఉంటాయి కాబట్టి వచ్చేదాకా ఆగాలి. ఫోన్‌లో ఉన్న కన్ఫర్మేషన్ నంబర్ జింక వేటకి పనికిరాదు.

వీసా మీద ఉన్నవాళ్లకి ఒక సందేహం ఉంటుంది. హెచ్1బీ లాంటి వీసాలవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం మీద ఫెడరల్ చట్టంలో ఆంక్షలున్నాయి. విల్లు ఆ చట్టంలో తుపాకీ కిందికి రాదు.

నేల దొరకడమే కష్టం

లైసెన్సు పది నిమిషాల పని. నిలబడి వేటాడటానికి నేల దొరకడమే అసలు పని. టెక్సాస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటు వాళ్లదే. యజమాని అనుమతి లేకుండా కంచె దాటితే అది చిన్న నేరం కాదు. కంచె గుంజల మీదా చెట్ల మీదా ఊదా రంగు నిలువు చారలు కనిపిస్తే ‘లోపలికి రావద్దు’ అని బోర్డు పెట్టినట్టే. చట్టం ప్రకారం ఆ చార కనీసం 8 అంగుళాల పొడవు ఉండాలి, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉండాలి. తెలియని ఇంకో విషయం, మీ బాణం తగిలిన జింక పక్కవాళ్ల పొలంలోకి వెళ్లి పడినా, వాళ్లని అడక్కుండా వెనక వెళ్లకూడదు. అందుకే పక్క యజమాని ఫోన్ నంబర్ ముందే తీసుకుని పెట్టుకోండి.

తెలిసినవాళ్ల రాంచ్ (పశువులు పెంచే పెద్ద భూమి) లేనివాళ్లు 48 డాలర్ల యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ తీసుకోవాలి. పది లక్షల ఎకరాల దాకా ప్రభుత్వ వేట భూములు దాంతో తెరుచుకుంటాయి. హ్యూస్టన్ వాళ్లకి దగ్గర్లో ఉన్న సామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ అందులో ఒకటి. కాలినడక వేటకి అలాంటి పైన్ చెట్ల అడవి బాగుంటుంది. ప్రభుత్వ భూముల్లో మొక్కజొన్నలు చల్లి జింకల్ని రప్పించకూడదు. తుపాకీ వేట కూడా సాగుతున్న రోజుల్లో వెళితే నారింజ రంగు చొక్కా, టోపీ తప్పనిసరి.

ఇంకోదారి, శాఖ లాటరీ తీసి వేట అవకాశం ఇవ్వడం. వేసవిలో ఆన్‌లైన్ దరఖాస్తులు మొదలవుతాయి. ఏ వేటకి ఆఖరి తేదీ ఎప్పుడో వేరువేరుగా ఉంటుంది, ఆర్చరీ జింకలకి త్వరగా ముగుస్తుంది. దరఖాస్తు రుసుము రకాన్నిబట్టి 3 లేదా 10 డాలర్లు. ఈ ఏడు రాకపోతే పాయింట్లు పోగవుతాయి, వచ్చే ఏడు అవకాశం పెరుగుతుంది. నలుగురు స్నేహితులు కలిసి ఒక గ్రూపుగా పెట్టుకోవచ్చు.

లైసెన్సు ఇచ్చేటప్పుడు మీరు బాణం ఎంత గురిగా వేస్తారో ఎవరూ పరీక్షించరు. ఆ పరీక్ష మనకి మనమే పెట్టుకోవాలి. పెరట్లో 20 గజాల దూరంలో కాగితం పళ్లెం పెట్టి, వేటకి వాడే మొనతోనే, వరసగా అన్ని బాణాలూ దానికి తగిలేదాకా నేను అడవికి వెళ్లలేదు. ఇప్పటికీ అంతకుమించిన దూరానికి బాణం వదలను.

ట్యాగ్ కట్టడం

జింక పడగానే, దాన్ని కదల్చకముందే ట్యాగ్ కట్టాలి. లైసెన్సు నుంచి సరైన ట్యాగ్ చించి, దాని అంచున ఉన్న నెల గడిని, తేదీ గడిని చాకుతో కోసేయాలి. రాంచ్ పేరు, కౌంటీ పేరు ఇంకుతో రాయాలి. తర్వాత లైసెన్సు వెనక ఉన్న పట్టికలో నింపాలి. మునిమాపు వేళ, తలకి కట్టుకున్న లైటు వెలుగులో, తడి చేతులతో ఇదంతా చేయాలి. కాగితం తడిస్తే పెన్ను పడదు. నేను ఒక ప్లాస్టిక్ సంచిలో ట్యాగులు, బాల్ పెన్ను, రెండు రబ్బరు బ్యాండ్లు, చేతులు తుడుచుకునే గుడ్డ కలిపి పెట్టుకుంటాను. కొన్ని కౌంటీల్లో కొమ్ముల్లేని జింకని 24 గంటల్లోగా శాఖ యాప్‌లో నమోదు చేయాలి. మీది ఏ కౌంటీ అని ముందే చూసుకోండి.

మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పి కూడా టెక్సాస్ మధ్యలో హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతంలో గుంపులుగా కనిపిస్తుంది. 1930లలో తెచ్చి వదిలారు. తెలంగాణ రాష్ట్ర జంతువు అయిన అదే దుప్పి ఇక్కడ విదేశీ జంతువు లెక్కన ఉంటుంది కాబట్టి సీజన్ లేదు, ట్యాగ్ లేదు. లైసెన్సు, యజమాని అనుమతి మాత్రం కావాలి. మొదటిసారి ఓక్ చెట్ల కింద దాన్ని చూసినప్పుడు నేను విల్లు దించేశాను, అలా చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మాంసం అమ్మకూడదు. నాలుగిళ్లకి పంచుకోవచ్చు. కానీ ఇంకొకరి చేతికి ఇచ్చి పంపేటప్పుడు వైల్డ్‌లైఫ్ రిసోర్స్ డాక్యుమెంట్ అనే కాగితం జతచేయాలి. ప్రత్యేకమైన ఫారమే ఉండాలని లేదు, తెల్లకాగితం మీద మీ పేరు, అడ్రసు, లైసెన్సు నంబర్, తీసుకునేవాళ్ల పేరు, ఏ జంతువు, ఎంత మాంసం, ఎక్కడ, ఏ తేదీన వేటాడారో రాసి సంతకం పెడితే చాలు. దారిలో గేమ్ వార్డెన్, అంటే వేట చట్టాలు అమలుచేసే అధికారి, ఆపితే మీ స్నేహితుడు చూపించాల్సింది ఆ కాగితమే.