కుర్ర డిఫెన్స్‌మన్‌ని నవంబరులో తూకం వేయకండి: జూనియర్ ఐస్ హాకీలో ఎలా పెంచాలి, ఎప్పుడు పంపాలి

మీ జట్టులో 16 ఏళ్ల డిఫెన్స్‌మన్ (గోల్ ముందు కాపు కాసే వెనక వరస ఆటగాడు) ఒకడున్నాడు అనుకోండి. సెప్టెంబరులో బాగానే కనిపించాడు, నవంబరు వచ్చేసరికి రెండు మ్యాచ్‌లకోసారి అతని తప్పు వల్ల గోల్ పడుతోంది. ఆఫీసులో ఎవరో ఒకరు "వీడిని వేరే జట్టుకి ఇచ్చేసి ఒక 19 ఏళ్లవాడిని తెచ్చుకుందాం" అంటారు. ఒక్క నిమిషం ఆగండి. ఫార్వర్డ్ తప్పు చేస్తే వెనక ఇద్దరు డిఫెన్స్‌మెన్ ఉంటారు, డిఫెన్స్‌మన్ తప్పు చేస్తే వెనక గోలీ (గోల్‌కీపర్) ఒక్కడే. అందుకే ఈ పిల్లల తప్పులు పెద్దవిగా కనిపిస్తాయి, వాళ్లు చేసిన మంచి పని మాత్రం స్కోర్‌షీట్‌లో ఎక్కడా ఉండదు. కెనడాలో కుర్రాళ్ల పై స్థాయి పోటీ అయిన మేజర్ జూనియర్‌లో, అంటే అంటారియో, వెస్టర్న్, క్యుబెక్ మేరీటైమ్స్ లీగుల్లో, ఒక్కో జట్టు 20 ఏళ్లవాళ్లను ముగ్గురిదాకా ఆడించుకోవచ్చు. రింక్ చుట్టూ ఉండే గోడ దగ్గర పక్ (మంచు మీద జారే రబ్బరు బిళ్ల) కోసం పోటీ పడేటప్పుడు మీ కుర్రాడి ఎదురుగా ఉండేది వాళ్లే. అక్కడ ఓడిపోయాడని పనికిరాడు అనేస్తే ఎలా?

నేర్పించడం ఒకే ఒక్క పనితో మొదలుపెట్టండి, వెనక్కి వెళ్లి పక్ తెచ్చుకోవడం. డిఫెన్స్‌మన్ ఆటలో సగం ఇక్కడే తేలిపోతుందని నా అభిప్రాయం. అవతలివాళ్లు పక్‌ను మూలకి కొట్టారు. మీ కుర్రాడు తిరిగి సొంత గోల్ వైపు పరుగు తీస్తున్నాడు, వెనక రెండు అడుగుల దూరంలో ఒకడు మీదికి వస్తున్నాడు. భయపడ్డ పిల్లాడు పక్‌నే చూస్తూ వెళ్తాడు, దాన్ని అందుకున్నాక తలెత్తుతాడు, అప్పటికే గాజుకు గుద్దుకుని ఉంటాడు. నేర్చినవాడు భుజం మీదుగా రెండుసార్లు చూస్తాడు, తిరిగిన వెంటనే ఒకసారి, పక్ అందడానికి ఒక్క అడుగు ముందు ఇంకోసారి. నెట్ వెనక నుంచి తనే తీసుకెళ్లాలా, జోడీవాడికి వదలాలా, గోడ మీదుగా వింగర్‌కి (పక్కవైపు ఆడే ఫార్వర్డ్‌కి) పంపాలా అన్నది ఆ రెండో చూపులోనే తేల్చుకుంటాడు.

దీనికి ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. మీరు పక్‌ను మూలకి కొట్టి అతని వెనకే వెళ్తూ చేతివేళ్లు చూపించండి. పక్‌ను తాకేలోపు ఎన్ని వేళ్లో అతను గట్టిగా చెప్పాలి. అది అలవాటయ్యాక వెనక నిజంగానే ఒక ఫార్వర్డ్‌ని తరమనివ్వండి. ప్రతి ప్రాక్టీస్‌లో పది నిమిషాలు చాలు, కానీ ఏ రోజూ మానకండి.

రెండోది దూరం. ఎదుటివాడు పక్‌తో వస్తుంటే బ్లూలైన్ (మన వైపు భాగం మొదలయ్యే నీలి గీత) దగ్గర ఇద్దరి మధ్యా ఒకటిన్నర స్టిక్ పొడవుకి మించి ఖాళీ ఉండకూడదు. కుర్రాళ్లు దాటిపోతాడేమో అన్న భయంతో వెనక్కి వెనక్కి జరిగి చివరికి గోలీ ఒళ్లో పడతారు. లోపలి వైపు నిలబడి ఎదుటివాడిని గోడవైపు తోయాలని, స్టిక్ మంచు మీదే ఉంచాలని, కళ్లు పక్ మీద కాక వాడి ఛాతీ మీద పెట్టాలని చెప్పండి. చేతులతో ఎన్ని మాయలు చేసినా ఛాతీ ఎటు పోతే వాడు అటే పోతాడు. బలం తర్వాత వస్తుంది, కాళ్లు, కళ్లు ఇప్పుడే అలవాటు పడాలి.

ఇక మ్యాచ్‌లో ఎంతసేపు ఆడించాలి? ఆరుగురు డిఫెన్స్‌మెన్, మూడు జోడీలు, 60 నిమిషాలు. 16 ఏళ్లవాడిని మూడో జోడీలో నెమ్మదైన 19 ఏళ్లవాడి పక్కన పెట్టండి, 12 నుంచి 14 నిమిషాలివ్వండి. ఎడమచేతి షాట్ ఉన్నవాడిని ఎడమవైపే ఉంచండి. కుడివైపు మనిషి లేడని అటు నెట్టేసి, గోడ దగ్గర ప్రతి పక్‌నూ బ్యాక్‌హ్యాండ్‌తో అందుకోలేక తడబడుతుంటే "ఆడలేకపోతున్నాడు" అనడం అన్యాయం. బాధ్యతలు కూడా ఒక్కొక్కటే పెంచండి, క్రిస్మస్ నాటికి పెనాల్టీ కిల్ (మనవాడు శిక్షపడి బయట కూర్చున్నప్పుడు ఒకడు తక్కువతో కాచుకోవడం) రెండో బృందంలో చోటిస్తే అదే చాలు.

తప్పు చేసినప్పుడు బెంచ్ మీద మీరేం చేస్తారన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం. గోల్ పడింది, కుర్రాడు తలదించుకుని వచ్చి కూర్చున్నాడు. రెండు ముక్కల్లో ఏం చూడలేదో చెప్పండి, అతని వంతు రాగానే మళ్లీ పంపండి. పీరియడ్ అంతా కూర్చోబెడితే ఆ టెన్షన్‌కి అతను నేర్చుకునేది ఒక్కటే, పక్ వచ్చిందంటే ఎటో ఒకవైపు కొట్టేసి వదిలించుకోవడం. మర్నాడు వీడియోలో ఐదు క్లిప్పులు చూపిస్తే మూడు బాగా చేసినవే ఉండాలి.

ట్రేడ్ (ఆటగాడిని వేరే జట్టుకి మార్చడం) సంగతికొస్తే, గడువు జనవరి 10కి అటూ ఇటూగా పడుతుంది, ఆ వారంలో అందరికీ కంగారే. నా లెక్క ఇది. మొదటి సీజన్‌లో ఉన్నవాడిని పంపకండి, గాయం నుంచి ఇప్పుడే తిరిగొచ్చినవాడిని పంపకండి, ఒక్క పాడు నెల చూసి ఎవరినీ పంపకండి. 18 నిండినా ముందు అతని వైపే ఇద్దరు గట్టివాళ్లుండి మ్యాచ్‌కి 12 నిమిషాలు దాటకపోతే మాత్రం పంపడమే అతనికి మేలు. అలాంటప్పుడు పట్టుకుని కూర్చోవడం స్వార్థం. డంకన్ కీత్ 2002-03 సీజన్ మధ్యలో మిషిగన్ స్టేట్ కాలేజీ జట్టు వదిలి కెలోనా రాకెట్స్ జూనియర్ జట్టుకి వచ్చాడు. 2002లో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రధాన ప్రొఫెషనల్ లీగు) జట్లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 54వ పిక్, ఆ తర్వాత కూడా రెండేళ్లు మైనర్ లీగులో ఆడాకే ఎన్‌హెచ్‌ఎల్‌కి చేరాడు, ఏటా ఉత్తమ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చే నారిస్ ట్రోఫీని రెండుసార్లు గెలిచాడు. ఓవెన్ సౌండ్‌లో జూనియర్ ఆడిన మార్క్ జోర్డానోని అయితే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 2019లో 35 ఏళ్ల వయసులో అదే ట్రోఫీ అందుకున్నాడు. డిఫెన్స్‌మెన్ ఇంత ఆలస్యంగా కాపుకొస్తారు.

పుట్టినతేదీ కూడా చూడండి. సెప్టెంబరు 15 నాటికి 18 నిండినవాళ్లే ఆ సీజన్‌కి ముందు జరిగే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి అర్హులు, ఒక్కరోజు తర్వాత పుట్టినా ఏడాది ఆగాలి. ఆ ఏడాది కుర్రాడికి పెద్ద వరం, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా బేరం చేస్తే నష్టపోయేది మీరే. బదులుగా వట్టి జూనియర్ లీగు డ్రాఫ్ట్ పిక్‌లే (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులే) తీసుకుంటే, ఆ పిక్‌తో వచ్చే పిల్లాడు ఇప్పుడు మీరు పంపినవాడి స్థాయికి రావడానికి మళ్లీ రెండు మూడేళ్లు పడుతుంది. ఇంకో విషయం, 2025 ఆగస్టు 1 నుంచి మేజర్ జూనియర్ ఆడినవాళ్లకీ అమెరికా కాలేజీ హాకీ తలుపు తెరుచుకుంది. అందుకే 18, 19 ఏళ్లవాడి గురించి మాట్లాడే ముందు వచ్చే ఏడాది ఏం చేద్దామనుకుంటున్నారో అతన్నీ ఇంట్లోవాళ్లనీ నేరుగా అడగండి.

పంపాలని తేల్చుకున్నాక ఆ మాట కోచ్, జనరల్ మేనేజర్ ఇద్దరూ ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఫోన్లో వార్త చూసి తెలుసుకునే గతి ఏ పిల్లాడికీ పట్టకూడదు. వెంటనే అమ్మానాన్నలకి ఫోన్, ఆ తర్వాత అతన్ని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన బిల్లెట్ కుటుంబానికి. వాళ్లూ ఏడుస్తారు, కాసేపు ఉండనివ్వండి. అంటారియోలో జనవరి చివరికల్లా సెమిస్టర్ ముగుస్తుంది, పరీక్షల ముందు బడి మారడం చిన్న విషయం కాదు, కాబట్టి పరీక్షలు ఎక్కడ రాయాలో ఆ రోజే రెండు జట్లూ మాట్లాడుకోవాలి. అవతలి కోచ్‌కి ఒక పేజీ రాసి పంపండి: ఏ వైపు ఆడతాడు, ఏం నేర్చుకుంటున్నాడు, ఎక్కడ భయపడతాడు, తప్పు చేసినప్పుడు ఎలా మాట్లాడితే వింటాడు. ఆ వేళ్ల డ్రిల్ గురించి కూడా అందులో రాయండి.