పిల్లల్ని గ్రౌండుకు తీసుకెళ్లే ముందు

మేధో వైకల్యం (వయసుకు తగ్గ బుద్ధి ఎదుగుదల లేకపోవడం) ఉన్న పిల్లలకు ఆట చాలా అవసరం. బరువు అదుపులో ఉంటుంది, గుండె గట్టిపడుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అట్లని మొదటిరోజే గంట ఆడించొద్దు, పది నిమిషాలు చాలు.

– డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం) ఉంటే ముందు డాక్టరుకు చూపించాల్సిందే. వీళ్లలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. కొందరికి మెడలో పైనున్న మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. డాక్టరు సరేననేదాకా పిల్లిమొగ్గలు, డైవింగ్ వద్దు. నడక తూలినా, చేతిపట్టు తగ్గినా, మెడ ఒకపక్కకే వంచుతున్నా, కొత్తగా పక్క తడుపుతున్నా ఆట ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

– ఫిట్స్ మాత్ర వేశారా? టోపిరమేట్ లాంటి కొన్ని ఫిట్స్ మందులు చెమటను తగ్గిస్తాయి, దాంతో ఒళ్లు చల్లబడదు. అనంతపురం ఎండలో అది ప్రమాదం. వేసవిలో పొద్దున ఎనిమిదిలోపే ముగించండి.

– దప్పికైందని చాలామంది చెప్పలేరు. అడక్కపోయినా పావుగంటకోసారి నీళ్లు తాగించండి.

– బూట్లు వెల్‌క్రో పట్టీవి మేలు. లోపల గులకరాయి గుచ్చుకుంటున్నా కొందరు చెప్పరు, చెయ్యి పెట్టి చూడండి.

– నోటితో చెప్పేకన్నా చేసి చూపండి, ఒకసారికి ఒకటే. మొరాయిస్తే బలవంతం వద్దు, ముందు నొప్పి ఎక్కడైనా ఉందేమో చూడండి.