చేతి నిఘంటువు కొనబోతున్నారా? ఒక గడియారాల మెకానిక్ మాట వినండి

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గరి ఒక సందులో నాకు గడియారాల రిపేరు దుకాణం ఉంది. గడియారాలతో పాటు కాల్కులేటర్లు, చేతి రేడియోలు, అప్పుడప్పుడు చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ నిఘంటువులు కూడా నా బల్ల మీదికి వస్తుంటాయి. కొన్ని గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చినవి, కొన్ని జపాన్‌లో పనిచేసి వచ్చిన పిల్లలవి, మరికొన్ని ఆన్‌లైన్‌లో పాతవి చవగ్గా దొరికాయని కొన్నవి. నాకు ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఇంగ్లీషు పేపరు. అందువల్ల ఈ యంత్రాలను విప్పడంతో పాటు వాడటం కూడా నాకు అలవాటే.

“ఫోన్ ఉండగా ఇది ఎందుకు అంకుల్?” అని నా బల్ల మీది చేతి నిఘంటువును చూపించి, వాళ్ల తాతగారి గడియారం తీసుకోవడానికి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి అడిగింది. అడగవలసిన ప్రశ్నే. ఫోన్‌లో మాట వెతకడానికి వెళ్లినవాళ్లు చాలాసార్లు ఆ మాట తప్ప మిగతావన్నీ చూసి వస్తారు. చేతి నిఘంటువులో మూత తెరవగానే అక్షరాలు కొట్టవచ్చు, నెట్ అక్కర్లేదు, రాత్రి చార్జింగ్ పెట్టే పని ఉండదు, పిల్లల చేతికి ఇచ్చినా భయం లేదు. ఈ లాభాలు మీకు పెద్దవిగా అనిపిస్తేనే కొనండి. ఫోన్ చేతిలో ఉన్నా మనసు అదుపులో ఉంచుకోగలిగితే ఆ డబ్బు మిగిలినట్టే. పరీక్ష హాల్లోకి మాత్రం దీన్నీ రానివ్వరు. ఆ ఆశతో ఎవరూ కొనవద్దు.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. మీకు కావలసింది ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థమేనా? అయితే ఈ యంత్రాల జోలికి పోకండి. కాసియో, షార్ప్, ఫ్రాంక్లిన్ కంపెనీలవి నా చేతికి వచ్చినవాటిలో తెలుగు అక్షరం చూపించింది ఒక్కటీ లేదు. అలాంటివాళ్లకు నేను చెప్పే మార్గం వేరు. ఇంట్లో మూలన పడేసిన పాత ఫోన్ తీసుకోండి. సిమ్ తీసేసి, లోపల ఉన్నవన్నీ చెరిపేసి, నెట్ లేకుండా పనిచేసే ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును ఎక్కించి, ఆపైన వైఫై ఆపేయండి. అదే మీ చేతి నిఘంటువు. గూగుల్ అనువాద యాప్‌లో తెలుగు ఫైలును ఒకసారి దింపుకుంటే అది కూడా నెట్ లేకుండా నడుస్తుంది. కాకపోతే అది వాక్యం భావం చెప్పడానికి పనికొస్తుంది కానీ, మాట నేర్చుకోవడానికి చాలదు. తెలుగు మాటల లోతు చూడాలనుకునేవాళ్లకు 1850లలో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కడపలో ఆ దొర బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఆంధ్రభారతి సైటులోనైతే ఎన్నో తెలుగు నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. పాత పద్యాలు, పాత దస్తావేజులు చదివేవాళ్లకు అవి బంగారం. నిన్నటి పేపర్లోని బ్యాంకు మాటకు బ్రౌన్‌ను అడిగితే మాత్రం పాపం, ఆయన ఏం చెబుతాడు?

ఇక ఇంగ్లీషునే ఇంగ్లీషులో నేర్చుకోవాలనుకునేవాళ్లు, అరబ్బీ, జపనీస్ లాంటి భాషలు మొదలుపెట్టేవాళ్లు యంత్రం కొనవచ్చు.

కొనేటప్పుడు అట్టపెట్టె మీద ఉన్న లక్షల లెక్కలను నమ్మకండి. ఇన్ని లక్షల మాటలు అని రాసిన చోట సమానార్థకాలు, బహువచనాలు, క్రియారూపాలు అన్నీ కలిపేసి ఉంటారు. లోపల ఏ నిఘంటువు పెట్టారు, అది ఎవరి కోసం రాసింది అన్నదే చూడాలి. నేర్చుకునేవాళ్ల కోసం రాసిన నిఘంటువులు వేరు, ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాళ్ల కోసం రాసినవి వేరు. లాంగ్‌మన్‌వాళ్లు నేర్చుకునేవాళ్ల నిఘంటువులో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటలతోనే రాస్తారు. ఆక్స్‌ఫర్డ్‌వాళ్లకూ ఇలాంటిదే ఉంది. వీటిలో మాటకు అర్థంతో ఆగరు. ఆ నామవాచకాన్ని లెక్కపెట్టవచ్చా లేదా, ఆ క్రియ తర్వాత ఏ విభక్తి మాట వస్తుంది, ఉదాహరణ వాక్యం, పలికే తీరు అన్నీ ఇస్తారు. మనవాళ్లు ఇంగ్లీషులో తడబడేది సరిగ్గా అక్కడే. అర్థం తెలుసు, వాడటం తెలియదు. మామూలు నిఘంటువు పెట్టిన యంత్రంలో ఒక కష్టమైన మాటకు ఇంకో మూడు కష్టమైన మాటలు అర్థంగా వస్తాయి. ఆ మూడింటినీ వెతికేసరికి చదువుతున్న కథ చల్లారిపోతుంది.

అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక చీటీ రాసుకుని వెళ్లండి. ఆన్‌లైన్‌లో కొంటే తిప్పి పంపే గడువులోగా ఆ చీటీతో పరీక్షించండి. అందులో ఏం రాయాలో చెబుతాను.

గత వారం మీరు చదివిన పేపర్లో, పాఠంలో నిజంగా అర్థం కాని మాటలు కొన్ని రాసుకోండి. మీకు తెలిసిన గొప్ప మాటలు రాసుకుంటే పరీక్ష యంత్రానికి కాకుండా మీకే అవుతుంది. వాటితో పాటు ‘వెంట్’, ‘టాట్’, ‘మైస్’ లాంటి రూపాలను అలాగే కొట్టండి. మంచి యంత్రం ‘గో’, ‘టీచ్’, ‘మౌస్’ దగ్గరికి తనే తీసుకెళ్తుంది. చెడ్డది అలాంటి మాట లేదంటుంది. తర్వాత ‘పుట్ అప్ విత్’ కొట్టండి. మూడు మాటలూ కలిపి వెతికితే ‘భరించు’ అనే భావం రావాలి. ‘పుట్’ దగ్గర దింపేసి ఇరవై అర్థాల్లో మిమ్మల్నే వెతుక్కోమంటే ఆ యంత్రం పక్కన పెట్టండి.

స్పెల్లింగ్ పరీక్ష కూడా తప్పనిసరి. ‘నాలెడ్జ్’ను మొదటి కె అక్షరం లేకుండా, మీకు వినిపించినట్టు కొట్టి చూడండి. ఫ్రాంక్లిన్ కంపెనీ 1986లో మార్కెట్లోకి తెచ్చిన మొదటి చేతి యంత్రం స్పెల్లింగ్ సరిచూడటానికే పుట్టింది. ఆ కంపెనీ సరుకులో చెవికి వినిపించినట్టు కొట్టినా సరైన మాటను పట్టుకునే నేర్పు ఉంది. విని నేర్చుకునేవాళ్లకు ఇది లేకపోతే యంత్రం సగమే. స్పెల్లింగ్ తెలిస్తేనే అర్థం చెబుతానంటే, స్పెల్లింగ్ కోసమే వచ్చినవాడు ఎక్కడికి పోవాలి?

మాట్లాడే యంత్రమైతే ‘రికార్డ్’ అనే మాటను నామవాచకంగా ఒకసారి, క్రియగా ఒకసారి పలికించండి. నామవాచకంలో ఒత్తు మొదట పడాలి, క్రియలో చివర పడాలి. రెండూ ఒకేలా పలికితే ఆ గొంతును నమ్మి ఉచ్చారణ నేర్చుకోవద్దు. మనిషి గొంతును రికార్డు చేసి పెట్టిన యంత్రాలు ఉన్నాయి, అక్షరాలు చూసి యంత్రమే పలికేవి ఉన్నాయి. పెట్టె మీద రెండింటికీ ‘మాట్లాడే నిఘంటువు’ అనే రాస్తారు. ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో కూడా చూడండి. లైబ్రరీలో కూర్చుని చదివేవాళ్లకు అది లేకపోతే గొంతు ఉన్నా దండగే.

చివరిగా, అర్థంలో కనిపించిన ఇంకో తెలియని మాట మీదికి నేరుగా దూకి, చూసుకుని, వెనక్కి రాగలమా? కాసియోవాటిలో ఈ సదుపాయం బాగుంటుంది. వెతికిన మాటల జాబితా దానంతట అదే దాచుకుంటుందా? భాష నేర్చుకునేవాళ్లకు ఆ జాబితా చాలా విలువైనది. ఆదివారం కూర్చుని దాన్ని తిరగేస్తే ఏ మాట పదేపదే వెతికారో తెలుస్తుంది. నేనైతే అలాంటి మాటలను మాత్రమే నోటుబుక్కులోకి ఎక్కిస్తాను.

అరబ్బీ యంత్రాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు, వచ్చినవాళ్లు వీటి గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. అరబ్బీలో చాలా మాటలు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. కాఫ్, తా, బా అనే మూడింటి నుంచి కితాబ్ (పుస్తకం), మక్తబ్ (ఆఫీసు), మక్తబా (లైబ్రరీ) అన్నీ వస్తాయి. సంప్రదాయ నిఘంటువుల్లో వీటన్నిటినీ ఆ ధాతువు కిందే ఉంచుతారు. కొత్తగా నేర్చుకునేవాడికి ధాతువు ఎలా తెలుస్తుంది? కాబట్టి ‘మక్తబా’ను ఉన్నది ఉన్నట్టు కొట్టి చూడండి. నేరుగా దొరికితే మీకు పనికొస్తుంది. మీమ్ అక్షరంతో మొదలయ్యే మాట లేదని చెబితే అది పండితుల యంత్రం. ఇంకో చిక్కు ఏమిటంటే, అరబ్బీ యంత్రం ఉంటే ఉర్దూకూ సరిపోతుందని మావాళ్లు అనుకుంటారు. సరిపోదు. పే, చే, గాఫ్ అరబ్బీ వర్ణమాలలో లేవు. మన నాలుక మీద రోజూ ఆడే టే, డాల్, డకారపు ఛాయ ఉన్న ‘ఱే’ కూడా లేవు. మీటల మీద ఆ అక్షరాలు ఉన్నాయో లేవో ఒక్కసారి చూస్తే చాలు, కంపెనీ ఏజెంటును అడగనక్కర్లేదు. తెర సన్నగా ఉన్న చవక రకాల్లో చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బా, తా, సా ఒకేలా కనిపిస్తాయి. భూతద్దం కంటికి పెట్టుకుని పనిచేసే నాకే ఆ తేడా తెలియలేదు.

జపాన్ నుంచి వచ్చే పాత యంత్రాలు గట్టివి, తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. అయితే అవి జపాన్‌వాళ్ల కోసం చేసినవి. మెనూలు జపనీస్‌లో ఉంటాయి. లోపల ఆక్స్‌ఫర్డ్‌వాళ్ల ఇంగ్లీషు నిఘంటువు ఉన్నా, దాని దాకా వెళ్లే దారిని ఎవరైనా తెలిసినవాళ్లు చూపించి కాగితం మీద రాసిపెట్టాలి. జపనీస్ నేర్చుకునేవాళ్లకైతే, తెర మీద పుల్లతో కంజి (జపనీస్‌లో వాడే చైనా లిపి) అక్షరం గీసి వెతికే వీలున్న రకమే తీసుకోవాలి. పలకడం తెలియని అక్షరాన్ని మీటలతో ఎలా కొడతారు? అందులోనూ అర్థాల్లోని కంజిలకు చదివే తీరు పక్కన రాసి ఉండదు. మొదటి ఏడాది విద్యార్థికి అది గోడలా అడ్డుపడుతుంది. కొంత వచ్చాక కొనడం మంచిది.

అచ్చులోని మాట మీద గీస్తే అర్థం చెప్పే పెన్నుల గురించి అడుగుతుంటారు. ముద్రించిన అక్షరాలకు బాగానే ఉంటాయి, చేతిరాతకు పనికిరావు. చాలావరకు చైనీస్–ఇంగ్లీషు కోసం చేసినవి. వైఫై ఆపేసి పరీక్షించకుండా కొనకండి. మాట్లాడితే వేరే భాషలో తిరిగి చెప్పే అనువాద పెట్టెలు ప్రయాణాలకు సరే, నిఘంటువు కిందికి రావు.

ఇక నా బల్ల మీది సంగతులు. మూత మడిచే యంత్రాల్లో నేను ఎక్కువగా చూసే జబ్బు కీలు దగ్గరే ఉంటుంది. తెర మూతలో, మెదడు అడుగు భాగంలో ఉంటాయి. రెండింటినీ కలిపే పల్చటి రిబ్బన్ ఆ కీలు గుండా వెళ్తుంది. తెరిచి మూసే కొద్దీ అది నలిగి, లోపలి గీత ఒకటి తెగుతుంది. పాతది కొనేటప్పుడు యంత్రాన్ని ఆన్ చేసి, మూతను నెమ్మదిగా పూర్తిగా వెనక్కి, మళ్లీ ముందుకు వంచండి. ఏదో ఒక కోణంలో తెర మీద గీతలు పడినా, అక్షరాలు మాయమై మళ్లీ వచ్చినా దాన్ని తీసుకోకండి. ఆ రిబ్బన్ విడిగా దొరకదు. ఇంకో చచ్చిన యంత్రం నుంచి తీయాలి. గడియారాల్లో నేను ఎంతో గౌరవించే సీకో కూడా 2015లో నిఘంటువుల వ్యాపారం వదిలేసింది. అలాంటివాటికి విడిభాగాల ఆశ పెట్టుకోకూడదు. మూత లేకుండా పలకలా ఉండే రకానికి ఈ జబ్బు రాదు కానీ, జేబులో తెర గీతలు పడుతుంది.

మీటలు ఒక్కోటీ నొక్కి చూడండి. ‘ఇ’, ‘ఎ’, ‘ఎస్’, వెనక్కి వెళ్లే మీట ముందుగా అరుగుతాయి. గట్టిగా నొక్కితేనే పలుకుతుంటే రబ్బరు కింద నల్లటి కార్బన్ చుక్క అరిగిందనో, దుమ్ము పట్టిందనో అర్థం. దుమ్మైతే స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది.

సెల్లుల అర తెరిచి చూడకుండా డబ్బు ఇవ్వకండి. స్ప్రింగు మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే ఆల్కలీన్ సెల్ కారిందని అర్థం. పైపైన ఉంటే నిమ్మరసం అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి, తర్వాత స్పిరిట్‌తో ఆరబెట్టవచ్చు. పొడి లోపలి బోర్డు దాకా పాకితే ఎవరూ ఏమీ చేయలేరు. బజారులో దొరికే పెన్సిల్ సెల్లు వేసే రకం కొనండి. లోపలే బిగించిన బ్యాటరీ కొన్నేళ్లకు ఉబ్బితే దాని సైజు వెతకడం పెద్ద తలనొప్పి. సెల్లు మార్చేటప్పుడు పాత రకాల్లో దాచుకున్న మాటల జాబితా చెరిగిపోవచ్చు. ముందే నోటుబుక్కులోకి ఎక్కించుకోండి.

చాలా యంత్రాల వివరాల కాగితంలో 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడాలని రాసి ఉంటుంది. మన మే నెలకు ఆ కాగితంతో పనిలేదు, నీడలోనే 40 దాటిస్తుంది. బైకు డిక్కీలో, కారు అద్దం ముందు పెట్టిన యంత్రం తెర నల్లగా మాడినట్టు కనిపిస్తే కంగారుపడి నా దగ్గరికి పరుగెత్తుకు రాకండి. చల్లని చోట అరగంట ఉంచండి, తెర లోపలి ద్రవస్ఫటికం (ఎల్‌సీడీ ద్రవం) చల్లారితే తెర చాలావరకు మామూలవుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది. సెలవులకు ఊరెళ్తుంటే సెల్లు తీసి విడిగా పెట్టండి. చల్లారాక కూడా ఒక మూల నల్లమచ్చ పోకపోతే అది తెర పగులు. అప్పుడు తీసుకురండి, చూస్తాను. బాగవుతుందని మాత్రం మాట ఇవ్వను.